ఈ కూపే కొనొచ్చా?

అమెరికాలో ఐదారు వేల డాలర్లకు దొరికే పాత రెండు తలుపుల కార్లకు ఏ జబ్బు ఎప్పుడొస్తుందో వాటిని తయారుచేసిన కంపెనీలే రాసిపెట్టాయి. కొనేముందు అది చదివినవాళ్లకు వేల డాలర్లు మిగులుతాయి.

2008 మోడల్ సయాన్ టీసీ, 1,38,000 మైళ్లు, క్లీన్ టైటిల్, సన్‌రూఫ్, ఏసీ సూపర్, 4,800 డాలర్లు. డాలస్ చుట్టుపక్కల తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో మే నెలలోనూ డిసెంబరులోనూ వచ్చే ప్రకటనలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. చదువు ముగించుకుని వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు అమ్ముతారు. ఆగస్టులోనో జనవరిలోనో దిగిన కొత్త బ్యాచ్ కొంటుంది. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ క్యాంపస్ ఉన్న ఆర్లింగ్టన్ లాంటి పెద్ద ఊళ్లో కూడా పిలిస్తే వచ్చే వ్యాన్లే తప్ప, రూటు ప్రకారం తిరిగే సిటీ బస్సులు లేవు. బియ్యం బస్తా తెచ్చుకోవాలన్నా కారు ఉండాల్సిందే. నాలుగు తలుపుల క్యామ్రీకి, కరోలాకి పోటీ ఎక్కువ. అదే కంపెనీ చేసిన, చూడ్డానికి స్పోర్ట్స్ కారులా ఉన్న కూపే చేతిలో ఉన్న డబ్బుకు వస్తోందంటే మనసు అటు లాగుతుంది.

ఆ కోరికలో తప్పేమీ లేదు. పైగా మామూలు ధరకు చిన్న కూపే కావాలంటే ఇప్పుడు సెకండ్‌హ్యాండే గతి. టయోటా తన సయాన్ బ్రాండును 2016లో మూసేసింది, టీసీ దానితోపాటే పోయింది. కియా ఫోర్టే కూప్ 2016తో ఆగింది. హోండా అకార్డ్ కూపే 2017తో, సివిక్ కూపే 2020తో ముగిశాయి. కొత్తగా దొరికే టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ లాంటివి అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు. ధర ముప్పై వేల డాలర్లు దాటుతుంది. అంటే మార్కెట్లో తిరుగుతున్న చవక కూపేలన్నీ వయసు మళ్లినవే. వాటిలో చాలావాటికి మొదటి యజమాని ఇరవై ఏళ్ల కుర్రాడే అయి ఉండొచ్చు. గట్టిగా తొక్కి ఉంటాడు, ఆయిల్ మార్చడం వాయిదా వేసి ఉంటాడు.

అయితే ఈ కార్ల రోగాలేవీ రహస్యాలు కావు. ఏ మోడల్‌లో, ఏ సంవత్సరం బండిలో, ఏ భాగం పోతుందో కంపెనీ సర్వీసు బులెటిన్లలో, వారంటీ పొడిగించిన ఉత్తరాల్లో, ప్రభుత్వ రీకాల్ రికార్డుల్లో ఉంది. ఎవరైనా వెతికి చదువుకోవచ్చు. కొనేవాళ్లు మాత్రం ఓడోమీటర్ అంకె, రంగు, ధర చూసి ఆగిపోతున్నారు. 2009 టీసీకీ 2011 టీసీకీ ధరలో వెయ్యి, రెండు వేల డాలర్ల తేడా ఉంటే పాతదాన్ని ఎంచుకుంటున్నారు. లోపల ఇంజనే మారిపోయిందన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

ఆటోనగర్ లెక్క అక్కడ చెల్లదు

రిపేరు ఖర్చు దగ్గర మనవాళ్లు మొదట్లో బెదిరిపోయేది లేబర్ చార్జీ చూసి. విజయవాడ ఆటోనగర్‌లో ఆల్టర్నేటర్ పోతే దాన్ని విప్పుతారు, బ్రష్‌లు మారుస్తారు, బేరింగ్ వేస్తారు, సాయంత్రానికి బిగించి ఇస్తారు. మనిషి పనికి అక్కడ వెల తక్కువ, విడిభాగానికి ఎక్కువ. అమెరికాలో ఇది తలకిందులు. చిన్న షాపులో కూడా గంటకు 100 నుంచి 160 డాలర్లు తీసుకుంటారు. డీలర్ దగ్గర 200 దాటడం మామూలే. ఆల్టర్నేటర్‌ను విప్పి కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. మొత్తం తీసేసి కొత్తదో, ఫ్యాక్టరీలో బాగుచేసిన పాతదో పెడతారు. బిల్లు 400 నుంచి 700 డాలర్లు.

ఇంకో పద్ధతి కూడా తెలిసి ఉండాలి. ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో ముందే లెక్కగట్టిన లేబర్ గైడ్లు ఉంటాయి. ‘బుక్ టైమ్’ అంటారు. నాలుగు గంటలని రాసి ఉన్న పనిని చేయి తిరిగిన మెకానిక్ రెండున్నర గంటల్లో పూర్తి చేసినా బిల్లు నాలుగు గంటలకే. అందువల్ల అమెరికాలో రిపేరు ఖర్చును ఆ భాగం ధర నిర్ణయించదు, అది ఎంత లోపల దాగి ఉందన్నది నిర్ణయిస్తుంది. పదిహేను డాలర్ల రబ్బరు గ్యాస్కెట్‌కు ఐదు వందల బిల్లు రావడానికి కారణం ఇదే. ఐదు వేల డాలర్ల కారుకు 1,200 డాలర్ల రిపేరంటే కారు విలువలో నాలుగో వంతు. మన రూపాయల్లో లక్ష దాటిన మాట.

ఆయిల్ తాగే టీసీ

విద్యార్థుల చేతుల్లో తిరిగే కూపేల గురించి చెప్పుకునేటప్పుడు సయాన్ టీసీ దగ్గర కాసేపు ఆగాలి. మొదటి తరం టీసీ 2005 నుంచి 2010 మోడళ్ల దాకా వచ్చింది. అందులో ఉన్నది 2.4 లీటర్ల 2ఏజెడ్-ఎఫ్ఈ ఇంజన్. క్యామ్రీలోనూ ఆర్ఏవీ4లోనూ పెట్టింది ఇదే. కాబట్టి విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ప్రతి మెకానిక్‌కీ ఈ ఇంజన్ తెలుసు. టైమింగ్ బెల్టు కాదు, చెయిను ఉంది, కాబట్టి దాన్ని లక్ష మైళ్లకోసారి మార్చే ఖర్చూ లేదు. ఇంతవరకూ అంతా లాభమే.

చిక్కల్లా పిస్టన్‌లో ఉంది. పిస్టన్‌కు అడుగున ఉండే ఆయిల్ రింగు, సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపాలి. ఆ ఆయిల్ పోవడానికి పిస్టన్‌లో సన్నని రంధ్రాలుంటాయి. 2007 నుంచి 2009 మోడళ్ల ఇంజన్లలో ఈ రంధ్రాల్లో మసి పేరుకుని మూసుకుపోతుంది. రింగు బిగుసుకుని గీకడం మానేస్తుంది. మిగిలిన ఆయిల్ పైకి చేరి పెట్రోలుతోపాటు కాలిపోతుంది. నేల మీద చుక్క కూడా పడదు కాబట్టి లీకేజీ అనుకునే అవకాశమే లేదు. ఎక్కడికి పోతోందో తెలియకుండా ఆయిల్ మాయమవుతుంటుంది.

కంపెనీ ఈ సంగతి ఒప్పుకుంది. 1,200 మైళ్లకు ఒక క్వార్టు, అంటే లీటరుకు కొద్దిగా తక్కువ, ఖర్చయితే ఇంజన్‌లో లోపం ఉన్నట్టేనని పరీక్ష పెట్టింది. అందులో తేలిన బండ్లకు పిస్టన్లు, రింగులు మార్చి ఇచ్చింది. వారంటీని పదేళ్లకు, 1,50,000 మైళ్లకు పొడిగించింది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది. ఇప్పుడు ఆ పని చేయించాలంటే జేబులోంచి 2,500 నుంచి 4,000 డాలర్లు తీయాలి.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుంటే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. ఈ ఇంజన్‌లో పట్టే ఆయిల్ సుమారు నాలుగు క్వార్టులు. ఐదు వేల మైళ్లకోసారి ఆయిల్ మార్చుకోమంటారు. 1,200 మైళ్లకు ఒక క్వార్టు చొప్పున పోతుంటే, తర్వాతి ఆయిల్ మార్పు నాటికి ఇంజన్‌లో ఏమీ మిగలదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలిగేది ఒత్తిడి పడిపోయాకే. అప్పటికి బేరింగులు అరిగిపోయి ఉంటాయి. టీసీ ఇంజన్లు సీజ్ అయ్యాయని వినేవాటిలో చాలావరకు ఇలా జరిగినవే. అసలు జబ్బు కంటే, డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటు లేకపోవడం వల్లే ఇంజన్ పోతుంది.

ఆయిల్ తాగే టీసీని కొనకూడదా అంటే, తెలిసి కొంటే కొనొచ్చు. ఏడాదికి పన్నెండు వేల మైళ్లు తిరిగేవాళ్లకు పైన పోయాల్సిన ఆయిల్ పది క్వార్టులు. చవక బ్రాండు కొంటే అరవై, డెబ్భై డాలర్లు. మూడు వేలు పోసి పిస్టన్లు మార్పించడం కంటే, రెండేళ్ల చదువు పూర్తయ్యేదాకా డిక్కీలో ఒక డబ్బా పెట్టుకుని పెట్రోలు పోయించినప్పుడల్లా చూసుకోవడం నయం. అయితే కాలిన ఆయిల్ సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మెల్లగా చంపేస్తుంది. అది పోతే పీ0420 అనే కోడ్‌తో ఇంజన్ దీపం వెలుగుతుంది. కొత్తది వేయడానికి 1,000 నుంచి 2,500 డాలర్లు అవుతుంది. కాలిఫోర్నియాలో అక్కడి ప్రభుత్వం ఆమోదించిన కన్వర్టరే వాడాలి కాబట్టి ఇంకా ఎక్కువ. ఈ ఖర్చును మనసులో పెట్టుకుని ధర తగ్గించమని అడగాలి.

2005, 2006 టీసీలది వేరే కథ. వాటిలో హెడ్డును బ్లాకుకు బిగించే బోల్టుల మర బ్లాకు వైపు చెడిపోతుంది. అల్యూమినియం బ్లాకులో కోసిన మర ఏళ్ల వేడికి పట్టు వదిలేస్తే, హెడ్ గ్యాస్కెట్ దగ్గర సందు వచ్చి కూలెంట్ ఇంజన్ వెనక వైపు కారుతుంది. బోనెట్ తీసి టార్చి వేసి చూస్తే గులాబీ రంగు ఎండిన మరక కనిపిస్తుంది. ఆ మరకను పట్టించుకోకుండా నడిపితే ఇంజన్ కాగిపోయి హెడ్డు వంగుతుంది. హెడ్డు తీసి, మరల్లో ఉక్కు ఇన్సర్టులు దింపి మళ్లీ బిగించే పనికి 1,500 నుంచి 2,500 డాలర్లు. అది చేయడం వచ్చిన మెకానిక్‌ను వెతుక్కోవాలి కూడా.

2011లో వచ్చిన రెండో తరం టీసీలో 2.5 లీటర్ల 2ఏఆర్-ఎఫ్ఈ ఇంజన్ పెట్టారు. 161 హార్స్‌పవర్ 180కి పెరిగింది, ఆయిల్ తాగే గోల తగ్గింది. వాటర్ పంపు కారడం దీని ప్రధాన బలహీనత. 400 నుంచి 700 డాలర్లతో తీరిపోతుంది. బండికి రెండు, మూడు వేలు ఎక్కువ పెట్టాల్సి వచ్చినా, చేతనైతే ఈ తరం టీసీయే కొనుక్కోవాలి.

సివిక్ అయితే కళ్లు మూసుకుని కొనేయడమేనా

హోండా సివిక్ మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం గట్టిది. చాలావరకు ఆ నమ్మకానికి తగిన బండే. కానీ 2006లో మొదలైన ఎనిమిదో తరం సివిక్‌కు, సెడాన్ అయినా కూపే అయినా, పుట్టుకతోనే ఒక లోపం వచ్చింది. 2006 నుంచి 2008 దాకా, 2009లో కొన్నింటిలోనూ, 1.8 లీటర్ల ఇంజన్ బ్లాకు పోత సరిగా రాలేదు. కొన్నేళ్లకు బ్లాకు గోడ చిట్లి కూలెంట్ చెమటలా పడుతుంది. రిజర్వాయర్‌లో మట్టం నెమ్మదిగా తగ్గుతుంది. ఇంజన్ కాగే దాకా చాలామందికి తెలియదు. హోండా ఈ బ్లాకుకు వారంటీని మైళ్లతో నిమిత్తం లేకుండా పదేళ్లకు పొడిగించి ఉచితంగా మార్చి ఇచ్చింది. ఆ పదేళ్లూ గడిచిపోయాయి. ఇప్పుడు బ్లాకు పగిలితే పాత ఇంజన్ తెచ్చి దింపడమే దారి. 2,500 నుంచి 4,000 డాలర్ల పని.

అందుకే ఈ సంవత్సరాల సివిక్‌ను చూస్తున్నప్పుడు, సర్వీసు రికార్డులో ‘ఇంజన్ బ్లాకు మార్చారు’ అని కనిపిస్తే భయపడి వెనక్కి రాకూడదు. నిజానికి అదే కొనదగ్గ బండి. లోపం ఉన్న బ్లాకు పోయి కంపెనీ సరిదిద్దిన బ్లాకు వచ్చింది. రికార్డు శుభ్రంగా, ఖాళీగా ఉన్న 2007 సివిక్ గురించే ఎక్కువ ఆలోచించాలి.

మిగతావి చిన్నవి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముఖ్యంగా ఏసీ వేసినప్పుడు, స్టీరింగ్ వణుకుతుంటే ప్యాసింజర్ వైపు ఇంజన్ మౌంటు పోయిందన్నమాట. దానిలోపల ద్రవం ఉంటుంది, అది కారిపోతుంది. 250 నుంచి 400 డాలర్లు. 2006, 2007 బండ్లలో వెనక టైర్ల లోపలి అంచు త్వరగా అరిగిపోయేది. కొనేముందు వంగి, టైరు లోపలి వైపు చేత్తో తడిమి చూడాలి. స్పోర్టీగా ఉంటుందని ఎస్ఐ మోడల్ మీద మోజు పడేవాళ్లు 2006 నుంచి 2008 దాకా వచ్చిన వాటిలో మూడో గేరు జారిపోతుందేమో గట్టిగా తొక్కి చూడాలి. గేర్‌బాక్సు విప్పాల్సి వస్తే 1,500 డాలర్లకు తక్కువ కాదు.

డబ్బుతో కొలవలేనిది ఒకటుంది. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు. వీటిలో బ్యాగును ఉబ్బించే మందు అమ్మోనియం నైట్రేట్. ఏళ్ల తరబడి వేడికీ గాలిలో తేమకీ అది పాడై, ప్రమాదం జరిగినప్పుడు లోహపు డబ్బానే పేల్చేస్తుంది. ముక్కలు డ్రైవర్ మెడలోకి, ముఖంలోకి దూసుకొస్తాయి. అమెరికాలో పాతిక మందికి పైగా దీనికి బలయ్యారు. అక్కడి చరిత్రలోనే ఇంత పెద్ద రీకాల్ లేదు. హోండాలు ఇందులో ఎక్కువ. 2001, 2002 సివిక్‌ల వంటి కొన్ని పాత హోండాలలో ఉన్న రకం మరీ ప్రమాదకరం, పరీక్షల్లో వాటికి పేలే అవకాశం యాభై శాతం దాకా ఉందని తేలింది. ఆ బండ్లను నడపనే వద్దని ప్రభుత్వమే చెప్పింది. ఎనిమిదో తరం సివిక్‌లు కూడా రీకాల్ జాబితాలో ఉన్నాయి. మార్పించుకోవడం పూర్తిగా ఉచితం. బండి విన్ నంబరులోని పదిహేడు అక్షరాలూ అంకెలూ అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే అర నిమిషంలో తేలిపోతుంది. టెక్సస్, ఫ్లోరిడా లాంటి వేడి, ఉక్కపోత రాష్ట్రాల్లో తిరిగిన బండిని ఈ నంబరు కొట్టకుండా కొనడం ప్రాణంతో చెలగాటమే.

2012 నుంచి 2015 దాకా వచ్చిన తొమ్మిదో తరం సివిక్ కూపేలో ఇంజన్ దాదాపు పాతదే అయినా బ్లాకు లోపం లేదు. పెద్ద తలనొప్పులు లేని తరం ఇది. 2016తో మొదలైన తరం అందంగా ఉంటుంది, ధర కూడా పదిహేను వేల డాలర్ల అటూఇటూ. దాని ఏసీ కండెన్సర్ కారిపోవడం పెద్ద ఫిర్యాదు. హోండా ఆ భాగానికి వారంటీని పదేళ్లకు పొడిగించింది. డాలస్ జులై ఎండలో ఏసీ లేని కారు నడపడం ఎవరివల్లా కాదు కాబట్టి, 2016 బండి కొనేవాళ్లు ఆ పదేళ్లు నిండిపోయాయో, లేకుంటే ఏ తేదీకి నిండుతాయో డీలర్‌ను అడగాలి. తొలి యజమాని కొన్న రోజు నుంచి లెక్క.

ఎనిమిది వేలకు బీఎండబ్ల్యూ

ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది చాలామంది చూపు పడే బండి బీఎండబ్ల్యూ 1 సిరీస్ కూపే. 2008 నుంచి 2013 దాకా అమెరికాలో అమ్మారు. కొత్తలో ముప్పై, నలభై వేల డాలర్లు పలికినవి ఇప్పుడు ఎనిమిది, పది వేలకు వస్తున్నాయి. ధర పడిపోయింది. విడిభాగాల ధర, లేబర్ మాత్రం నలభై వేల కారువే.

ఈ సిరీస్‌లోని 135ఐలో మొదట పెట్టిన రెండు టర్బోల ఎన్54 ఇంజన్ 2007లోనూ 2008లోనూ ప్రపంచ ఉత్తమ ఇంజన్ అవార్డు గెలిచింది. అదే ఇంజన్‌లో పెట్రోలును అధిక ఒత్తిడితో పంపే పంపు ఎన్ని బండ్లలో పోయిందంటే, 2010లో కంపెనీ అమెరికాలో సుమారు 1,30,000 కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. ఆ పంపు ఇప్పుడు పోతే 800 నుంచి 1,200 డాలర్లు. టర్బోల వేస్ట్‌గేట్లు అరిగి గలగలమంటాయి. టర్బోలే మార్చాలంటే 3,000 నుంచి 5,000. ఇంజెక్టర్లు ఆరు, ఒక్కోటీ మూడు వందల దాకా. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మడం వల్ల వాల్వుల వెనక మసి గట్టిపడుతుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి దాన్ని రాల్చాలి. అదో 400 నుంచి 600.

128ఐలో టర్బోలు లేని ఎన్52 ఇంజన్ ఉంటుంది. 1 సిరీసే కావాలనుకునేవాళ్లకు ఇదే మేలు. కానీ దీనిలో కూడా వాటర్ పంపు కరెంటుతో నడిచేది. బెల్టుతో తిరిగే మామూలు పంపు పోయేముందు కారుతుంది, కీచుమంటుంది. ఇది ఏ సూచనా ఇవ్వకుండా అరవై, ఎనభై వేల మైళ్ల మధ్య హైవే మీదే ఆగిపోవచ్చు. థర్మోస్టాట్‌తో కలిపి మార్పిస్తే 900 నుంచి 1,300. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ గట్టిపడి కారడం ఈ కార్లన్నిటికీ ఉంటుంది. రెండూ కలిపి వెయ్యి దాటొచ్చు. చివరికి బ్యాటరీ మార్చినా, కొత్త బ్యాటరీ వచ్చిందని కారు కంప్యూటర్‌కు నమోదు చేయించాలి. ఏడాదికి రెండు వేలు రిపేర్లకు పక్కన పెట్టగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు, నడపడానికి అద్భుతమైన బండి. నెలాఖరుకు అద్దె లెక్కలు చూసుకునేవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

కొనేముందు ఒక ఉదయం

ఏ కూపే అయినా కొన్ని అరుగుదలలు ఉమ్మడివి. మాన్యువల్ గేరు బండికి క్లచ్ సెట్టు 1,000 నుంచి 1,500 డాలర్లు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ కలిపి 500 నుంచి 900. నాలుగు బ్రేకుల ప్యాడ్లు, డిస్కులు 400 నుంచి 700. రెండే తలుపులు కాబట్టి అవి పొడవుగా, బరువుగా ఉంటాయి. కీళ్లు వంగి తలుపు కిందికి జారిందేమో తెరిచి, ఎత్తి చూడాలి. షికాగో, డెట్రాయిట్ వైపు నుంచి వచ్చిన బండయితే కింద పడుకుని చూడాలి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుంది. తుప్పుపట్టిన బోల్టు ఊడక విరిగితే గంట పని మూడు గంటలవుతుంది, ఆ రెండు గంటల డబ్బూ యజమానే కట్టాలి. హ్యూస్టన్ బండయితే వరద నీళ్లు చూసిందేమో అనుమానించాలి. 2017 హార్వీ తుపానులో లక్షల కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద గీత ఉంటుంది, సీటు కింద పట్టాల బోల్టులు తుప్పుతో ఉంటాయి. అది ఎవరూ కడగని చోటు.

బండి చూడ్డానికి ఉదయమే వెళ్లాలి, మనం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పాలి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజన్ చేసే శబ్దాన్నో వదిలే పొగనో దాచడానికి ముందే నడిపి ఉంటారు. డిప్‌స్టిక్ తీసి మట్టం చూడాలి. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ దగ్గర నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ కాలుతోంది.

తర్వాత స్కానర్. 1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకూ స్టీరింగ్ కింద ఓబీడీ2 సాకెట్ ఉంటుంది. ఇరవై డాలర్ల స్కానర్ దానికి తగిలిస్తే కంప్యూటర్‌లో ఉన్న కోడ్‌లు చదవొచ్చు. ఆటోజోన్ లాంటి విడిభాగాల షాపుల్లో ఉచితంగా చదివి పెడతారు కూడా. అమ్మేవాళ్లలో కొందరు ముందురోజు రాత్రే కోడ్‌లు తుడిచేస్తారు. దీపం ఆరిపోతుంది, కారు శుభ్రంగా కనిపిస్తుంది. కానీ తుడిచినప్పుడు కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అవి పూర్తయ్యేదాకా రోజుల తరబడి ‘నాట్ రెడీ’ అని చూపిస్తుంది. కోడ్‌లు ఏమీ లేకుండా మూడు నాలుగు మానిటర్లు ‘నాట్ రెడీ’ అంటున్నాయంటే ఎవరో ఈ మధ్యే తుడిచారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. ఎందుకని అడగాలి. జవాబు పొంతన లేకుండా ఉంటే అక్కడి నుంచి వచ్చేయాలి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఇప్పటికీ ఉంది. మానిటర్లు అలా ఉన్న బండి అందులో గట్టెక్కదు, రిజిస్ట్రేషన్ ఆగుతుంది.

2025 జనవరి నుంచి టెక్సస్ మామూలు కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీని ఎత్తేసింది. ఒకప్పుడు బ్రేకులు, టైర్లు, లైట్లు ఏడాదికోసారైనా ఎవరో ఒకరు చూసేవారు. ఇప్పుడు ఆ చూపు కూడా లేదు. అందుకే అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్ దగ్గర 100 నుంచి 200 డాలర్లు పెట్టి కొనేముందు తనిఖీ చేయించుకోవడం ఈ ఖర్చులన్నిట్లోకీ విలువైనది. లిఫ్టు మీద ఎక్కించి అడుగునుంచి చూపించమనాలి, దొరికిన లోపాలకు కాగితం మీద అంచనా రాయించుకోవాలి. బేరం ఆ కాగితంతో చేయాలి. టైర్లకు 500, ముందు షాక్ అబ్జార్బర్లకు 700, మౌంటుకు 300 అని మెకానిక్ రాసిస్తే, 4,800 చెప్పిన బండికి 3,500 అడగడం దబాయింపు అనిపించుకోదు. తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారు ఎంత దగ్గరివాడైనా, ఒకే ఊరివాడైనా, ఆ బండి వద్దు.

ఆ చివరి మాట గట్టిగా చెప్పాల్సి రావడానికి కారణం ఉంది. గ్రూపుల్లో బండి అమ్మేది సాధారణంగా సీనియర్ అన్నో అక్కో. కొనేది దేశం దిగి నెల కూడా కాని జూనియర్. ‘మనవాళ్లే కదా’ అన్న ధైర్యంతో డిప్‌స్టిక్ కూడా తీయకుండా డబ్బు బదిలీ చేసేస్తున్నారు. ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగే పాత కారు అమ్మకం అక్కడ ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్టుగా. మర్నాడు ఇంజన్ పోయినా అడగడానికి చట్టంలో దారి దాదాపు లేదు. లోపాలున్న కారు అంటగడితే ఆదుకునే లెమన్ చట్టాలు ప్రధానంగా వారంటీ ఉన్న కొత్త కార్లకు. కాబట్టి వెయ్యి మైళ్లకు క్వార్టు ఆయిల్ పోస్తూ రెండేళ్లు నడిపిన అన్న, ఆ ఒక్క వాక్యం ప్రకటనలో రాయాలి. రాస్తే ఐదు వందలు తగ్గొచ్చు. రాయకపోతే ఫీజు కోసం ఇంటి దగ్గర అప్పు చేసి వచ్చిన కుర్రాడు హైవే పక్కన సీజ్ అయిన ఇంజన్‌తో నిలబడాల్సి వస్తుంది, టోయింగ్‌తో మొదలై మూడు వేల డాలర్ల అప్పు మళ్లీ చేయాల్సి వస్తుంది.

బేరం కుదిరాక కాగితం పని ఉంటుంది. టెక్సస్‌లో టైటిల్ (యాజమాన్య పత్రం) వెనక ఇద్దరూ సంతకం పెట్టి, 130-యూ ఫారంతో ముప్పై రోజుల్లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో బదిలీ చేయించుకోవాలి. అమ్మకపు పన్ను 6.25 శాతం, అంటే 4,800 బండికి 300 డాలర్లు. ధర మరీ తక్కువ రాసి చూపిస్తే, ప్రభుత్వం వేసుకున్న మార్కెట్ విలువలో 80 శాతం మీద పన్ను వేస్తారు. అమ్మినవాళ్లు కూడా వాహన శాఖకు అమ్మకం నోటీసు పంపాలి. లేదంటే కొన్నవాళ్ల టోల్ బిల్లులు పాత చిరునామాకే వస్తుంటాయి. ఆ తర్వాత చేయాల్సిన మొదటి పని ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించి, ఆ రోజు ఓడోమీటర్ అంకె రాసి పెట్టుకోవడం. ఐదు వందల మైళ్లకు డిప్‌స్టిక్ తీసి, మట్టం ఎంత దిగిందో ఆ అంకె పక్కనే రాసుకోవాలి.